పైపు మూతికి పెట్టిన బొట్టు

మూడు దశాబ్దాల పాటు నేను ఊళ్ళోవాళ్ళ గోడలకు చిల్లులు పొడిచి బతికాను. దొంగతనం కాదు, ఏసీలు బిగించే పని. హిందూపురంలో ఒక షాపులో చేరాను, అదే షాపులో మానేశాను. ప్రభుత్వ ఉద్యోగం కాదు కనుక రిటైర్మెంటు తేదీ ఎవరూ రాసివ్వలేదు. ఒకరోజు నిచ్చెన మూడో మెట్టు మీద మోకాళ్ళే ఆ ఆర్డరు చేతిలో పెట్టాయి. దండలు లేవు, శాలువాలు లేవు. మా ఓనరు నా డ్రిల్లింగ్ మిషను వెనక్కి తీసుకుని, దాని పెట్టె కూడా ఇచ్చిపొమ్మన్నాడు, అంతే.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, "నీ సర్వీసులో గొప్ప పని ఏది అన్నా?" అని అడుగుతుంటారు. వాళ్ళకు కల్యాణ మండపంలో ఒక్కరోజులో బిగించిన పన్నెండు మిషన్ల కథ చెబుతాను. చెప్పిన ప్రతిసారీ మిషన్లు ఒకటో రెండో పెరుగుతుంటాయి. కాగితం మీద మాత్రం కోతలు కొయ్యడానికి చెయ్యి రావడం లేదు. అందుకని ధర్మవరంలో నా పరువు తీసిన ఒకే ఒక్క మిషను సంగతి రాస్తున్నాను.

పని తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. స్ప్లిట్ ఏసీకి ఇంట్లో ఒక పెట్టె, బయట ఒక పెట్టె ఉంటాయి. రెండింటినీ కలిపేవి రెండు రాగి పైపులు, ఒకటి సన్నం, ఒకటి లావు. చల్లదనాన్ని మోసే గ్యాసు వాటిలోనే తిరుగుతుంది. పైపు కొసను ఒక పనిముట్టుతో నొక్కి ఉమ్మెత్త పువ్వులా విచ్చుకునేలా చేస్తాం. దాన్ని ఫ్లేర్ కొట్టడం అంటారు. విచ్చుకున్న ఆ మూతిని మిషను మూతికి ఆనించి ఇత్తడి నట్టుతో బిగిస్తాం. మధ్యలో వాషరు ఉండదు, బంక ఉండదు. లోహానికి లోహం నేరుగా ఆనాలి. తలవెంట్రుక అడ్డం పడినా గ్యాసు బయటికి దారి వెతుక్కుంటుంది.

ఈ పనిలో ప్రతివాడూ ఒక్కసారైనా చేసే తప్పు ఒకటుంది. నట్టును పైపుకు ముందే తొడగాలి. అది మర్చిపోయి ఫ్లేర్ కొట్టేస్తే, విచ్చుకున్న మూతి మీదుగా నట్టు ఎక్కదు. కొట్టిన ఫ్లేర్ కోసి పారేసి మళ్ళీ మొదలుపెట్టాలి. మా షాపులో దీనికొక ఆచారం ఉండేది. ఏ తప్పు చేసినా సరే, చేసినవాడు మరునాడు పొద్దున షాపులో అందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెప్పించాలి. తెప్పించి, తిననిచ్చి, ఆ తప్పేమిటో నిలబడి చెప్పాలి.

ధర్మవరం పని దాకా నేను ఒక్కసారి కూడా తెప్పించలేదు. తినడం మాత్రం ఎన్నడూ తప్పలేదు. షాపులో నా పేరు ప్రతిష్ఠలన్నీ దాని మీదే నిలబడి ఉండేవి. నేను తప్పే చేయలేదని కాదు. నేను తప్పు చేసినప్పుడల్లా నా అదృష్టం కొద్దీ పక్కన ఎవరూ ఉండేవారు కాదు.

నాకు ఇంకో గొప్ప కూడా ఉండేది. బిగింపు అయ్యాక సబ్బు నురుగు పూసి, ఎక్కడన్నా బుడగలు లేస్తున్నాయా అని చూడటం పద్ధతి. నేను చూసేవాణ్ణి కాదు. నట్టు దగ్గర చెవి పెట్టి, కళ్ళు మూసుకుని, "లీకు లేదు" అనేవాణ్ణి. నాడి చూసే వైద్యుడిలా ఉండేది ఆ భంగిమ. ఇళ్ళవాళ్ళు దండం పెట్టడమొక్కటే తక్కువ.

దీన్నంతా ఎగతాళి చేసేవాడు ఒక్కడే, పనిలో నా జోడీ. పుట్టింది అమరాపురం, పెళ్ళయ్యాక కాపురం పెట్టింది పెనుకొండలో. నాకంటే పదేళ్ళు చిన్న, నోట్లో సగం తెలుగు, సగం కన్నడం. కంపెనీ వాళ్ళు పెట్టిన శిక్షణ తరగతుల్లో మేమంతా భోజనం బాగుందా లేదా చూస్తే, అతను మాత్రం నోటుబుక్కు రాసుకునేవాడు. పైపుల్లోని గాలిని, తేమను లాగేసే వాక్యూమ్ పంపును సొంత దుడ్లు పెట్టి కొనుక్కున్నాడు. దాన్ని పెళ్ళాంబిడ్డల కంటే ఎక్కువగా చూసుకుంటాడని మేము నవ్వేవాళ్ళం. నేను ఆ పంపు వాడేవాణ్ణి కాదు. రోంత, అంటే కాస్త, గ్యాసు వదిలితే లోపలి గాలి అదే బయటికి పోతుందని నా సిద్ధాంతం.

అది మే నెల. ధర్మవరంలో ఒక నేతగాళ్ళ ఇంటికి ఒక మిషను బిగించాలని సోమవారం పొద్దున చీటీ వచ్చింది. నా జోడీ అమరాపురంలో చుట్టాల ఇంట్లో పెళ్ళికి వెళ్ళాడు. నేను ఒక్కణ్ణే వెళ్ళాను.

వీధిలోకి ఒక గది, వెనక మగ్గం గది, మధ్యలో వంటిల్లు. ఆ ఇంటాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తూ ఉంటాడు, మాట తక్కువ. ఆయన భార్య మాటా, లెక్కా, తెలివీ అన్నీ ఉన్న మనిషి. ఆమె అత్తగారు, ఆ ఇంటి అవ్వ, సన్నగా, చురుగ్గా, ఎక్కడ కూర్చున్నా ఇల్లంతా కనపడేలా కూర్చునేది.

అంతవరకూ వాళ్ళు నేసిన చీరలన్నీ ఊళ్ళో ఒక పెద్ద సావుకారికే పోయేవి. ఆయన చెప్పిందే ధర. ఆమెకు అది గిట్టలేదు. ముందు గది సున్నం కొట్టించి, అరలు పెట్టించి, తన చీరలు తానే అమ్ముకోవాలని తెగించింది.

"అన్నా, శుక్రవారం పొద్దున పదింటికి బెంగళూరు నుంచి పెండ్లోళ్ళు వస్తాండారు" అంది. "పోయిన నెల్లో ఒగ పార్టీ వచ్చి పది నిమిషాలు గూడా కుచ్చోలేదు. చెమటలు తుడుచుకుంటా లేసిపోయి, బజార్లో ఏసీ షాపులో కొనుక్కున్యారు. ఈసారీ అట్లే అయితే మా ఆయన ఇంక ఊరుకోడు. మళ్ళా సావుకారి గడపే తొక్కవల్ల."

మగ్గం గదిలోంచి చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

"నేను బిగిస్తాండా గదమ్మా. ఇంక నువ్వు ఏసీ సంగతి మర్చిపో" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పని చకచకా సాగింది. లోపలి పెట్టెను గోడకు తగిలించాను. పైపులకు నట్లు తొడిగాను, నాలుగు మూతులకూ ఫ్లేర్ కొట్టాను, పైపుల్ని గోడలోంచి దూర్చాను. దూర్చేటప్పుడు మూతుల్లోకి దుమ్ము పోకుండా నేను చుట్టిన టేపును పీకి పారేశాను. ఇక ఆనించి బిగించడమే. అప్పుడు నాకు టీ తాగాలనిపించింది.

బయల్దేరుతుంటే అవ్వ అడ్డం వచ్చింది. "ఏమబ్బీ, బొట్టు పెట్టకుండానే బిగిస్తాండావా? మేము కొత్త దారాలు మగ్గానికి ఎక్కించేటప్పుడు కొసలకు పసుపూ కుంకమా పెట్టకుండా ఏ పనీ చెయ్యము."

"అట్లనే పెట్టుకో అవ్వా. నీకు యాడ కావాలంటే ఆడ పెట్టుకో" అని పెద్దమనసుతో అనుమతి ఇచ్చి వీధి చివర టీ కొట్టుకు పోయాను. అక్కడ నలుగురు నేతగాళ్ళు కూర్చుని ఉన్నారు. చెవితో లీకు ఎలా పట్టాలో వాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాను. టీ ఐదు నిమిషాల్లో అయిపోయింది, ఉపన్యాసం గంట పట్టింది.

తిరిగొచ్చేసరికి అవ్వ నా మాటను అక్షరాలా పాటించి ఉంది. బయటి పెట్టె మొహానికి బొట్టు, నిచ్చెనకు బొట్టు, నా డ్రిల్లింగ్ మిషనుకు బొట్టు. బయట వేలాడుతున్న రెండు పైపుల మూతులకు లోపలి అంచుల్లో చక్కగా తడి పసుపు, దాని మీద కుంకుమ. నవ్వుకుని, చొక్కా అంచుతో తుడిచి బిగించాను. తర్వాత లోపలికి వెళ్ళి అక్కడి రెండు మూతులనూ బిగించాను. రాగి మీద ఎండిన కుంకుమ అసలే కనపడదు. కంటద్దాలు ఇంట్లో పెట్టి వచ్చినవాడికి ఇంకా కనపడదు. బయట పెట్టిన మనిషి లోపల కూడా పెట్టి ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు. వాటి మీద స్పాంజి తొడిగి, టేపు చుట్టి, చెవి పెట్టి, కళ్ళు మూసుకుని, "లీకు లేదు" అన్నాను.

మిషను వేశాం. గది మంచులా చల్లబడింది. అవ్వ కూడా వచ్చి కొంగు కప్పుకుని కూర్చుంది.

బుధవారం మధ్యాహ్నం ఫోను. "అన్నా, గాలి వస్తాండాది గానీ చల్లగా లేదు." వెళ్ళి చూస్తే గ్యాసు సగానికి పైగా లేదు. బయటి నట్ల దగ్గర చెవి పెట్టాను, ఏమీ వినపడలేదు. లోపలి టేపు విప్పాలంటే పెట్టె మళ్ళీ గోడ మీంచి పైకెత్తాలి. అది నా పరువుకు భంగం. మళ్ళీ గ్యాసు నింపి, "వోల్టేజీ బాగలేదమ్మా మీ వీధిలో. మిషను ఏం చేస్తాది?" అన్నాను.

మగ్గం గదిలోంచి ఆ ఇంటాయన మొదటిసారి నాతో మాట్లాడాడు. "నా కాడ లైటు బాగానే వెలుగుతాండాది గదన్నా."

వినపడనట్టు సామాను సర్దుకుని వచ్చేశాను.

శుక్రవారం పొద్దున ఆరున్నరకు మళ్ళీ ఫోను మోగింది. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది. "అన్నా, వేడిగాలి వస్తాండాది. వాళ్ళు బెంగళూర్లో బయల్దేరినారంట. నేనేం చెయ్యల్ల?"

షాపు తాళం తీయించి, గ్యాసు సిలిండరు, పనిముట్లు బండికి కట్టుకుని బయల్దేరాను. దారిలోనే నా జోడీకి ఫోను చేసి, ఎప్పుడూ అనని మాట అన్నాను: "రోంత తోడు రాప్పా." సోమందేపల్లి దాటి పెనుకొండ చేరేసరికి అతను రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాడు. చంకలో గ్యాసు తూచే తూకం మిషను, చేతుల్లో చంటిపిల్లాడిలా వాక్యూమ్ పంపు. ఎక్కి కూర్చున్నాడు. చెన్నేకొత్తపల్లి దగ్గర మలుపు తిరిగాం. ఆ తర్వాత ఒక్కటే అడిగాడు.

"సబ్బునీళ్ళు పూసి చూసినావా?"

"చెవి పెట్టినా."

"ఏ చెవి?" అన్నాడు. నేను బండి వేగం పెంచాను.

ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. ముందు గదిలో తెల్లటి పరుపు పరిచి, చీరలు మడతలు పెట్టి, ఆమె పట్టుచీర కట్టుకుని నిలబడి ఉంది. నుదుటి మీద చెమట. "పదింటికి అన్నా" అంది, అంతే. తర్వాత వంటింట్లోకి పోయి ఏదో గిన్నె మీద కోపం చూపించింది.

లోపలి పెట్టెను గోడ మీంచి కాస్త ముందుకు లాగి, టేపు విప్పాం. నా జోడీ సబ్బునీళ్ళ సీసా కోసం చూశాడు. అది హిందూపురం షాపులో, నేను తీసుకోని సామానులో ఉంది.

"నురుగు కావల్లనా?" అంది అవ్వ వెనక నుంచి. శుక్రవారం కదా, తలంటి పోసుకుని వచ్చింది, జుట్టు ఇంకా కారుతోంది. చేతిలో చెంబు, చెంబు నిండా కుంకుడుకాయ నురుగు. "పట్టుచీరకే ఏమీ కాదు, నీ ఇనప సామానుకు ఏమయితాది? పూసి చూడు."

నా జోడీ రోంత గ్యాసు వదిలి, చేత్తో నురుగు తీసి నట్ల మీద పూశాడు. సన్న పైపు ఊరుకుంది. లావు పైపు దగ్గర ఒక బుడగ లేచింది, చిట్లింది. ఇంకొకటి లేచింది. ఆ తర్వాత వరసగా లేస్తూనే ఉన్నాయి. నా అంత పేరున్న చెవి పక్కనే అది చిన్నగా నవ్వుతున్నట్టు ఉంది.

నట్టు విప్పాను. విచ్చుకున్న రాగి మూతి అంచున, ఎర్రగా, పసుపుగా, ఎండి గట్టిపడిన పెచ్చు. నట్టు ఒత్తిడికి అది రాగిలో ఒక గీత కూడా పెట్టింది. నేను చూశాను. నా జోడీ చూశాడు. మేము చూడటం అవ్వ చూసింది.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వంటింటి వైపు ఒకసారి భయంగా చూసి, గుసగుసగా అంది: "యాడ కావాలంటే ఆడ పెట్టుకోమన్యావు గదా నాయనా."

కోడలంటే ఆమెకు ఆ రోజు నిజంగానే భయం. అరలు చేయించడానికి కోడలు తన చేతి గాజులు తీసి ఇచ్చిన సంగతి అవ్వకు తెలుసు. ఈ బేరం పోతే ఆ మాట జీవితాంతం వినాలి. నాకు ఆమె మొహం చూసి జాలేసింది. "గమ్మునుండు అవ్వా, అయిపోతాది" అన్నాను.

గీత పడింది కనుక ఆ మూతి ఇక పనికిరాదు. కోసి కొత్తగా ఫ్లేర్ కొట్టాలి. పైపును గోడలోంచి కాస్త లాగితే రెండంగుళాల వెసులుబాటు వచ్చింది. పాత మూతి కోశాను, గరుకు తీశాను, పనిముట్టు బిగించి తిప్పాను. ఎంత అందంగా వచ్చిందో ఫ్లేర్. అద్దంలా మెరిసింది. వెనక్కి జరిగి గర్వంగా జోడీ వైపు చూశాను.

అతను ఫ్లేర్ వైపు చూడటం లేదు. కింద, తెల్లటి పరుపు మీద చూస్తున్నాడు. అక్కడ ఇత్తడి నట్టు కూర్చుని ఉంది. పాత మూతి కోసినప్పుడు జారి పడింది. నేను దాన్ని మళ్ళీ తొడగలేదు.

పాతికేళ్ళు దాటిన సర్వీసు. చేరిన మొదటి నెలలో చెయ్యాల్సిన తప్పు. పక్కన సాక్షి కూడా ఉన్నాడు. అతను నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. "ఇంకొగసారికి సరిపోతాదన్నా పైపు. దాని తర్వాత లేదు" అన్నాడు మెల్లగా.

కోశాను. పనిముట్టు పైపుకు పెట్టబోతుంటే నా చెయ్యి మీద తడి చెయ్యి పడింది.

"నట్టు తొడిగినావా నాయనా?" అంది అవ్వ.

తొడగలేదు. మళ్ళీ తొడగలేదు. ఆమె కింద నుంచి నట్టు తీసి, కొంగుతో శుభ్రంగా తుడిచి, తనే పైపుకు తొడిగింది. దారాల్ని ముందు దూర్చి తర్వాతే ముడి వేసే మనిషి. ఒక్కసారి చూసి పని నేర్చుకుంది. నా జోడీ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

ఈసారి ఫ్లేర్ కొట్టి, చుక్క నూనె రాసి, ముందు చేత్తో, తర్వాత రెండు పానాలతో బిగించాం. "మరీ బిర్రుగా వద్దు, మూతి చితుకుతాది" అని జోడీ అంటే నేను పానం మీది పట్టు తగ్గించాను. పంపు తగిలించాడు. "అరగంట" అన్నాడు.

అప్పటికి తొమ్మిదిన్నర. "అరగంటేంది? పది నిమిషాలు చాలు. రోంత గ్యాసు వదిలితే..."

"సుమ్నె ఇరన్నా" అన్నాడు. గమ్మునుండమని.

పది నిమిషాలు తిరిగిందో లేదో వీధిలో కారు ఆగింది. చెప్పిన టైముకు ముందే వచ్చారు పెండ్లోళ్ళు, అయిదుగురు. గదిలో పంపు గుడగుడమంటోంది, పైపులు వేలాడుతున్నాయి, ఫ్యాను వేడిగాలి కొడుతోంది. ఆ పార్టీలో పెద్దావిడ గడపలోనే ఆగి, కొంగుతో మెడ తుడుచుకుని, "ఏసీ ఉందన్నారే?" అంది.

ఆ ఇంటి కోడలు పంపు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. నేను వోల్టేజీ గురించి మొదలుపెట్టబోయాను. మా ఇద్దరి కంటే ముందు అవ్వ లేచింది.

"ఉండాదమ్మా, ఉండాది. శుక్రవారం గదా, మా ఇంట్లో మంచి గడియ రాకుండా కొత్త మిషను వెయ్యము. పదిన్నరకు గడియ. అంతలో మీ పిల్ల కట్టుకునే చీర ఎట్ల పుడతాదో చూద్దురు గానీ రాండి. ఈ అయ్యవార్లు ఈడ వాళ్ళ పని చేసుకుంటారు" అని పెండ్లికూతురి చెయ్యి పట్టుకుని మగ్గం గదిలోకి నడిపించింది. మమ్మల్ని అయ్యవార్లని అన్నది ఆమె ఒక్కతే, అదీ పంచాంగం తోడు పెట్టి.

మగ్గం గదికి మట్టిగోడలు, చిన్న కిటికీ. మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటుంది. ఆ ఇంటాయన గుంతలో కూర్చుని నేస్తుంటే, అవ్వ జరీ చూపించింది, పెండ్లికూతురి చేత ఒక పోగు వేయించింది, తన పెళ్ళి చీర కథ చెప్పింది. మాకు గోడ వెనక నుంచి నవ్వులు వినపడ్డాయి. మాట తక్కువ మనిషి కూడా ఏదో అన్నాడు, అందరూ మళ్ళీ నవ్వారు.

పంపు పూర్తిగా అరగంట తిరిగింది. గేజీలో ముల్లు కదలకుండా నిలబడింది, అంటే ఎక్కడా లీకు లేదు. తూకం వేసి గ్యాసు నింపాం. నా జోడీ చెంబు తీసుకుని నాలుగు మూతులకూ మళ్ళీ నురుగు పూశాడు. ఒక్క బుడగ లేదు. నేను అలవాటు కొద్దీ చెవి వంచబోతే, అతను నా చెవి మీద కూడా రోంత నురుగు పూశాడు.

పదీ నలభైకి వాళ్ళు ముందు గదిలోకి వచ్చేసరికి చల్లగా ఉంది. పెద్దావిడ పరుపు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒంటిగంట దాకా లేవలేదు. మేము అంతసేపూ వీధి అరుగు మీద, ఎండలో, పరీక్ష రాసిన పిల్లల్లా కూర్చున్నాం. కారు డిక్కీలోకి తొమ్మిది చీరలు ఎక్కాయి. మిగతా చుట్టాల చీరలకు ఇంకో వారంలో మళ్ళీ వస్తామని ఫోన్ నెంబరు రాసుకున్నారు. కారు మలుపు తిరిగాక ఆమె గడప మీద కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కళ్ళు తుడుచుకోగానే ఆమె నా వైపు తిరిగింది. లెక్క తెలిసిన మనిషి, వదలదు.

"అన్నా, నిజం చెప్పు. ఏంటికి పోయింది గ్యాసు? మా అత్త ఏమన్నా తాకిందా? సోమవారం నుంచి పసుపూ కుంకమా ఎత్తుకోని దాని చుట్టే తిరుగుతాండాది."

అవ్వ చీరలు మడత పెడుతోంది. చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు.

"అవ్వకేమీ సంబంధం లేదమ్మా" అన్నాను. "తప్పు నాదే. నేను సరిగా చూసుకోలేదు."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "పోనీలే అన్నా, మజ్జిగ తాగి పోండి" అంది. అవ్వ చేతులు మళ్ళీ కదిలాయి. మేము బయల్దేరేటప్పుడు అవ్వ కుంకుమ భరిణె పట్టుకుని బయటికి వచ్చి, బయటి పెట్టె ముందు నిలబడి, అమాయకంగా అడిగింది: "ఇప్పుడు యాడ పెట్టల్ల నాయనా బొట్టు?" రేకు మీద ఒక చోటు చూపించాను. పెట్టింది. ఆ తర్వాత, అడక్కుండానే, నా నుదుటి మీద కూడా ఒకటి పెట్టింది.

తిరుగు దారిలో పెనుకొండలో జోడీని దింపే ముందు టీకి ఆగాం. నా ఛాతీ రెండంగుళాలు ఉబ్బి ఉంది. "చూసినావా, ముసలామె కోసం మొత్తం నా నెత్తిన ఏసుకున్యా. ఎవరన్నా చేస్తారా ఇట్ల?" అన్నాను.

అతను టీ ఊదుకున్నాడు. "ఏమి ఏసుకున్యావన్నా?"

"అబద్ధం చెప్పి..."

"మూతుల మీద టేపు పీకి టీకి పోయిందెవరు?" అన్నాడు. "యాడ కావాలంటే ఆడ పెట్టుకోమన్యదెవరు? బయట రెండు బొట్లు తుడిచి, లోపల చూడందెవరు? నురుగు పుయ్యకుండా చెవి పెట్టిందెవరు? అబద్ధం చెప్పినా అంటావే, అందులో అబద్ధం యాడ ఉండాది?"

నేను గ్లాసు చేత్తో పట్టుకుని వెతికాను. ఎంత వెతికినా దొరకలేదు. ఎవరినో కాపాడటానికి చెప్పాననుకున్న గొప్ప అబద్ధం, తీరా చూస్తే, నా పని గురించి నేను నోరు తెరిచి చెప్పిన మొదటి నిజం. మొహాన బొట్టుతో, రోడ్డు పక్కన, బాగా సిగ్గేసింది.

మరునాడు పొద్దున షాపులో బల్ల మీద ఉగ్గాని, బజ్జీ పొట్లాలు ఉన్నాయి. అందరూ నా జోడీ వైపు చూశారు. అతను నా వైపు చూశాడు. మా ఓనరు కళ్ళజోడు సర్దుకుని, "ఏమప్పా, నువ్వా? ఒంట్లో బాగుండాదా?" అన్నాడు.

తిననిచ్చాను. తర్వాత లేచి నిలబడి, "నట్టు తొడగకుండా ఫ్లేర్ కొట్టినా" అన్నాను. షాపు కప్పు లేచిపోయేలా నవ్వారు. కుర్రవాళ్ళలో ఒకడు బజ్జీ గొంతులో అడ్డం పడి దగ్గాడు. నవ్వులు ఆగాక ఓనరు అడిగాడు, "ఒగటేనా?"

నా జోడీ ఖాళీ పొట్లం వైపు చూశాడు.

"ఇంకోటుండాది" అన్నాను. "దానికి రేపు తెప్పిస్తా."

పిల్లలూ, ఇదీ సంగతి. పైపు చేతికి తీసుకున్న ప్రతిసారీ ఎవరో ఒక ముసలామె తడి చెయ్యి మీ చేతి మీద వేసి "నట్టు తొడిగినావా నాయనా?" అని అడుగుతోందనుకోండి. మూతి తెరిచి టీకి పోకండి. నురుగు లేకుండా మాట ఇవ్వకండి. నేను మానేసే రోజు దాకా నా సంచిలో ఒక కుంకుడుకాయల పొట్లం ఉండేది, కంటద్దాల పక్కనే.

ఇంతకీ ఆ ఉగ్గాని, బజ్జీ మరునాడు కూడా తెప్పించాను. ఆ మరునాడూ తెప్పించాను. రోజుకొక తప్పు చొప్పున, వరసగా వారం రోజులు నిలబడి చెప్పాను. అప్పటికీ అన్నీ చెప్పలేదు.